శాంతకుమారి వెల్లకిలా పడుకున్న రోజు

మా చుక్కలదిన్నె పురపాలక సంఘంలో జనన మరణాల సీటు నాది. పదకొండేళ్ళుగా ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా నేను రాస్తేనే లెక్క. నేను రాయకపోతే పుట్టినవాడు పుట్టనట్టే, పోయినవాడు పోనట్టే. ఇది గొప్పకి చెప్పడం లేదు, చట్టం అలాగే ఉంది.

ఆ సీట్లో కూర్చుని నేను చేసిన ఘోరం ఒక్కటే. అండాళ్ళు టీచరుగారిని చంపేశాను.

కత్తీ కటారుతో కాదు. ఆవిడ భర్త నరసింహాచార్యులుగారు పోయినప్పుడు ఆ సంగతి నమోదు చేయించడానికి వచ్చారు. ఫారంలో పోయినవారి పేరుకి ఒక గడి, కబురు చెప్పినవారి పేరుకి ఇంకో గడి ఉంటాయి. సరిగ్గా అప్పుడే క్యాంటీన్లో పెసరట్టు ఉప్మా అయిపోవస్తోందని కేక వినపడింది. ఆ కంగారులో గడులు తారుమారు చేసి సంతకం పెట్టి పరిగెత్తాను. దాంతో మా రికార్డుల ప్రకారం అండాళ్ళుగారు దివంగతులయ్యారు, ఆచార్యులుగారు స్వయంగా విచ్చేసి ఆ వార్త మాకు తెలియజేసి వెళ్ళారు. నాటినుంచీ ఓటరు చీటీ ఆయనకి వస్తోంది, ఆవిడకి రావడం లేదు.

ఓటు లేకపోతే పోయింది, ఆవిడ బాధ కళ్ళది. రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషన్‌కి ఆరోగ్య కార్డు పట్టుకుని వెళ్తే ఆస్పత్రి కంప్యూటరు "మృతి" అని చూపించిందట. డాక్టరు ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి, కంప్యూటర్ని చూసి, కంప్యూటర్నే నమ్మాడు. అప్పటినుంచి ప్రతి సోమవారం ఫిర్యాదుల రోజున గోడ పట్టుకుని నడుచుకుంటూ మా ఆఫీసుకి వచ్చేవారు. అలా పద్నాలుగు నెలలు.

"ఎవరు రాశారు బాబూ ఇది?" అని మొదటిరోజే అడిగారు.

"నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయనండీ. బదిలీ అయిపోయారు" అన్నాను.

ఎనిమిదో తరగతిలో నాకు సైన్సు చెప్పింది ఆవిడే. చూపు ఆనడం లేదు కనక నన్ను గుర్తుపట్టలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. ప్రమోషన్ల జాబితాలో అప్పుడు నా పేరు మూడోది. ఆ అబద్ధం తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది, ఆవేళ మాత్రం హాయిగా నిద్రపట్టింది.

ఇలా ఉండగా రాజధాని నుంచి సర్క్యులర్ ఒకటి ఊడిపడింది. ప్రభుత్వ ఉద్యోగులు ప్రజలమీద విసుక్కుంటున్నారనీ, పెంపుడు జంతువు ఉన్న ఆఫీసుల్లో విసుగు తగ్గుతుందని ఎవరో కన్సల్టెంటు కనిపెట్టాడనీ, కావున ప్రతి కార్యాలయం ముప్ఫై రోజుల్లోగా ఒక "ఉల్లాస ప్రాణి"ని నియమించుకొని నివేదిక పంపవలెననీ దాని సారాంశం. షరతులు మూడు పేజీలు. ప్రాణి మొరగరాదు, ప్రజలు సిబ్బంది అనుకునే ప్రమాదం ఉంది. షికారు అడగరాదు, ఆ వంకన ఉద్యోగులు సీట్లు వదిలి పోతారు. పని వేళల్లో తన స్థానం విడిచి కదలరాదు. ఎవరు పిలిచినా పలకరాదు. వారానికి ఒకసారి కంటే ఎక్కువ తినరాదు.

మా కమిషనరు కోదండపాణిగారు సర్క్యులర్ రెండుసార్లు చదివి, "మన వరహాలరావుకి తప్ప ఇన్ని అర్హతలు ఇంకే ప్రాణికి ఉంటాయయ్యా?" అన్నారు. వరహాలరావుగారు మా మేనేజరు. వారానికి ఒకసారి తినడం దగ్గర మాత్రం ఆయన ఫెయిలయ్యారు.

సర్క్యులర్ మూడో పేజీ అడుగున చిన్నక్షరాల్లో జవాబు దొరికింది. "ఉదా: టరాంటులా జాతి సాలీడు." అరచేయంత ఉండే బొచ్చు సాలీడన్నమాట. ఉదాహరణగా ఇచ్చారంటే అదే ఆజ్ఞ అని మా ఆఫీసు సంప్రదాయం. ఉదాహరణ కాకుండా ఇంకేదైనా చేస్తే, ఎందుకు చేశావని అడుగుతారు.

వెంటనే "అష్టపాది ఎంపిక త్రిసభ్య సంఘం" ఏర్పడింది. అధ్యక్షులు కమిషనరుగారు. సభ్యులు వరహాలరావుగారు, శానిటరీ ఇన్‌స్పెక్టరు ప్రభుదాసుగారు. పురుగులన్నీ ప్రభుదాసుగారి పరిధిలోకే వస్తాయి, కాకపోతే ఇంతవరకూ ఆయన పని వాటిని చంపడం. రాసేవాణ్ణి నేను. సమావేశం సోమవారం పడింది కాబట్టి ఎదురుగా బెంచీ మీద అండాళ్ళుగారు కూడా ఉన్నారు.

మొదటి సాలీడుగా ఏ జాతిని ఎంచుకోవాలి అన్నది చర్చాంశం.

"మన రాష్ట్రంలోనే గుత్తి దగ్గర మొదట కనిపెట్టిన జాతి ఒకటుందంట సార్. ఒళ్ళంతా నీలం. నెమలిలాగా ఉంటది. స్థానికులకే ప్రాధాన్యం ఇవ్వాలి గదండీ" అన్నారు ప్రభుదాసుగారు.

"గుత్తి మన జోను కాదు" అన్నారు వరహాలరావుగారు. "పక్క జోను సాలీడంటే నాన్ లోకల్ కింద లెక్క. రేపు కోర్టుకెళ్తారు."

"ఎవరు, సాలీళ్ళా?"

"ఎవరో ఒకరు వెళ్తారండీ. ఈ రాష్ట్రంలో కోర్టుకెళ్ళని పోస్టు ఏది?"

బెంచీ మీంచి అండాళ్ళుగారు గొంతు సవరించుకున్నారు. "అది అంతరించిపోతున్న జాతి నాయనా. దాన్ని ముట్టుకుంటే జోను సంగతి తర్వాత, ముందు అడవి శాఖవాళ్ళు వస్తారు. పైగా చెట్లెక్కే రకం, మెరుపులా పరిగెడుతుంది, కరిస్తే విలవిల్లాడిపోతారు. మొదటిసారి పెంచేవాళ్ళు నేలమీద ఉండేదాన్ని, నెమ్మదైనదాన్ని తెచ్చుకోవాలి."

సలహా బంగారంలా ఉంది. కాని ఇచ్చినావిడ మరణించి ఉన్నారు.

"మినిట్స్‌లో ఏమని రాయమంటారు సార్?" అని అడిగాను.

కమిషనరుగారు ఆలోచించి, "సభ్యుల మనస్సాక్షి ప్రబోధించిన మీదట అని రాయి" అన్నారు. అలాగే రాశాను.

ఆ మనస్సాక్షిని పట్టుకుని తక్కిన జాతులు చూశారు. ఎర్ర మోకాళ్ళ మెక్సికో సాలీడు ముద్దొస్తుంది. గులాబి వెంట్రుకల చిలీ సాలీడు రోజంతా ఒక్కచోటే కూర్చుంటుంది. పిట్టల్ని సైతం తినగల రాకాసి రకం ఒకటుంది, దాని ఫొటో చూడగానే ప్రభుదాసుగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. మెక్సికోది దాదాపు ఖరారయ్యే సమయానికి కమిషనరుగారికి చెమటలు పట్టాయి.

"రంగు ఉన్నది వద్దు. ఏ రంగు తీసుకున్నా ఏదో ఒక పార్టీది అవుతుంది. రేపు ఎన్నికల కోడ్ వస్తే విగ్రహాలకి కట్టినట్టు దానికీ ముసుగు కట్టాలి. ఎనిమిది కాళ్ళకీ ఎవరు కడతారు?"

చివరికి ఉంగరాల జుట్టు సాలీడు నెగ్గింది. మధ్య అమెరికా పుట్టిల్లు, గోధుమ రంగు. మా ఫైలు అట్టల రంగు కూడా అదే. ఆడదాన్నే తేవాలని కూడా తీర్మానించారు. మగవి పెద్దయ్యాక ఎక్కువకాలం బతకవు, ప్రొబేషన్ పూర్తయ్యేలోపే పోతే ఆ గొడవ ఎవరు పడతారు? ఆడవి ఇరవై ఏళ్ళ పైనే ఉంటాయి. అంటే ఈ గదిలో ఉన్న అందరూ రిటైరైన తర్వాత కూడా అది సర్వీసులో ఉంటుంది. ఆ మాట విని వరహాలరావుగారు నిట్టూర్చారు.

పదిహేను రోజుల్లో కాగితాలన్నీ సక్రమంగా ఉన్న ఒక గాజు పెట్టె వచ్చింది. అడుగున మట్టి, మూలన కొబ్బరి చిప్ప, చిప్ప కింద ఆవిడ. చూపు, నడక, నెమ్మది చూసి శాంతకుమారి అని పేరు పెట్టాం. సర్వీసు రిజిస్టరు తెరిచాం. పుట్టుమచ్చల గడిలో "కనపడుట లేదు, బొచ్చు ఉన్నది" అని రాశాను. ఒక్క చిక్కు మాత్రం వచ్చిపడింది. మా ఆఫీసులో హాజరు ఫోను యాప్‌లో ముఖం చూపించి వేసుకోవాలి. యాప్ శాంతకుమారి ముఖం పట్టింది గాని, "కళ్ళు ఆర్పండి" అని అడిగింది. దానికి కళ్ళు ఎనిమిది, రెప్పలు సున్నా. నాలుగు రోజులు వరుసగా గైర్హాజరు పడింది. ఐదో రోజు వరహాలరావుగారు పెట్టె మీదికి వంగి, "ఆర్పమ్మా, ఒక్కసారి ఆర్పు" అని బతిమాలుతుంటే అది వెనక కాళ్ళతో వీపు గీరుకుని నాలుగు వెంట్రుకలు ఆయన ముఖాన విసిరింది. వారంపాటు దురద తగ్గలేదు. ఆఫీసులో ఎవరూ చెయ్యలేని పని అది చేసిందని మేమంతా లోపల్లోపల సంతోషించాం. ఆ విధంగా సర్క్యులర్ ఉద్దేశం నెరవేరింది.

నిజం చెప్పాలంటే శాంతకుమారి వచ్చాక మాకందరికీ కొంచెం మెత్తదనం వచ్చింది. రికార్డు రూములో బొద్దింకల్ని పట్టి తెచ్చే పనికి అటెండర్లు పోటీ పడ్డారు. అండాళ్ళుగారు కూడా సోమవారం వస్తే ముందు పెట్టె దగ్గర కూర్చునేవారు. కనపడదు గదండీ అంటే, "మసకగా ఒక ఉండ కదిలినట్టుంటుంది, చాలు" అనేవారు. ఒక సోమవారం వెళ్ళబోతూ నా బల్ల దగ్గర ఆగారు.

"ఈ నెల దాటితే ఆపరేషన్ చేసినా చూపు ఎంతవరకు వస్తుందో చెప్పలేనన్నాడు బాబూ డాక్టరు. శుక్లం ముదిరిపోయిందట. ఏదైనా దారి ఉందా?"

"పోయినవాళ్ళని బతికించే రూలు లేదండీ. పై నుంచి స్పష్టత రావాలి" అన్నాను. కమిషనరుగారు నేర్పిన మాట అది. చెప్పి చెప్పి నాలుక అరిగిపోయింది.

తర్వాతి సోమవారం పొద్దున్న తొమ్మిదింబావుకి అటెండరు కేక పెట్టాడు. శాంతకుమారి వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు గాల్లోకి చాపింది. పెట్టె తడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మర్నాడు మంగళవారం రీజినల్ డైరెక్టరమ్మగారి తనిఖీ ఉంది.

ఆ తర్వాత పనులన్నీ చకచకా జరిగిపోయాయి. మా ఆఫీసులో చావుకి సంబంధించినవి ఎప్పుడూ ఆలస్యం కావు. ప్రభుదాసుగారు పంచనామా రాశారు: "మృతురాలు వెల్లకిలా పడియుండెను, ముఖమున ఏ విధమైన ఆందోళనయు గోచరింపలేదు." నాచేత మరణం నమోదు చేయించారు. వరహాలరావుగారు నివేదిక పైకి పంపించారు. రెండు నిమిషాలు మౌనం పాటించాం. సాయంత్రం నాలుగింటికి పార్కులో ఖననం అని నోటీసు బోర్డు మీద పెట్టారు.

అప్పుడే అండాళ్ళుగారు వచ్చారు. సంగతి విని, "వెల్లకిలా ఉందా, బోర్లా ఉందా?" అని అడిగారు.

"వెల్లకిలానండీ."

"కాళ్ళు లోపలికి ముడుచుకుందా?"

"లేదండీ, చాపుకునే ఉంది."

"అయితే అది చావలేదర్రా! కుబుసం విడుస్తోంది. చచ్చిన సాలీడు కాళ్ళు పొట్టకిందికి ముడుచుకుని బోర్లా పడుంటుంది. దాన్ని ముట్టుకోకండి, కదిపితే నిజంగానే పోతుంది. సాయంత్రానికి అదే లేస్తుంది."

ప్రభుదాసుగారు కమిషనరుగారి వైపు చూశారు. కమిషనరుగారు ఎంతో మర్యాదగా చేతులు జోడించారు. "అమ్మా, తమరంటే మాకు గౌరవం. కానీ తమరు మరణించి ఉన్నారు. మరణించినవారి వాంగ్మూలంతో ఇంకొక మరణాన్ని ప్రశ్నించే వెసులుబాటు నిబంధనల్లో లేదు."

ఆవిడ తడుముకుంటూ వెళ్ళి పెట్టెకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ కుర్చీ లాక్కోవడానికి ఎవరికీ మనసు రాలేదు. బతికున్నదాన్ని పాతిపెట్టడానికి గుంట తవ్వుతున్నారు, బతికున్న మనిషి కాపలా కూర్చుంది, ఇద్దరి మరణాలూ నా చేతిరాతలోనే ఉన్నాయి.

అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య ప్రయోగించాను. "సార్, మరణ ధ్రువపత్రం లేనిదే ఖననం కుదరదు. మరణ కారణం గడి ఖాళీగా ఉంది. పశువైద్యాధికారి రిపోర్టు కావాలి. ఆయన క్యాంపులో ఉన్నారు" అన్నాను. పదకొండేళ్ళలో నేను ఒక ఫైలుని మంచి పనికోసం ఆపడం అదే మొదటిసారి.

మూడింటికి శాంతకుమారి కదిలింది. ముందు ఒక కాలు, తర్వాత ఇంకొకటి, మెల్లగా పాత చర్మంలోంచి ఊడొచ్చింది. అందరం పెట్టె చుట్టూ మూగాం. ఇంకాసేపటికి బోర్లా తిరిగి, లేచి, తడబడుతూ నాలుగు అడుగులు వేసి కొబ్బరి చిప్ప దగ్గర కూర్చుంది. పక్కనే పాత చర్మం అచ్చం ఇంకో సాలీడులా పడి ఉంది.

"సార్, ఒకటి చచ్చింది, ఒకటి బతికుంది. బతికున్నది చచ్చినదాని వారసురాలై ఉంటది" అన్నారు ప్రభుదాసుగారు.

కమిషనరుగారి ముఖం వెలిగింది. "అయితే కారుణ్య నియామకం ఇచ్చేద్దాం!"

వారసత్వ ధ్రువపత్రం ఎవరిస్తారని వరహాలరావుగారు అడుగుతుండగానే డైరెక్టరమ్మగారి ఫోను వచ్చింది. ఉల్లాస ప్రాణి చనిపోయిన ఆఫీసుల్లో అధికారి ప్రవర్తన మీద విచారణ జరుపుతారట. సిబ్బందే ఏడిపించి చంపారా అన్న కోణంలో. కమిషనరుగారు ఫోను పెట్టేసి చెమట తుడుచుకున్నారు.

"పట్టాభీ, ఇది పోలేదు. వెంటనే బతికించు."

"పోయినవాళ్ళని బతికించే రూలు లేదు గదా సార్. అండాళ్ళుగారికి పద్నాలుగు నెలల్నుంచి అదే చెబుతున్నాం."

"ఆవిడ వేరయ్యా! ఇది ప్రభుత్వ ఆస్తి. రూలు లేకపోతే తయారుచెయ్యి. నలభై నిమిషాల్లో సంతకానికి పెట్టు."

పెట్టాను. అంత జాగ్రత్తగా జీవితంలో ఏదీ రాయలేదు. "ఈ కార్యాలయ రికార్డులలో మృతిగా నమోదైన ఏ ప్రాణియైనను, ముగ్గురు అధికారుల సమక్షమున వెల్లకిలా పడుకొని, పిమ్మట తిరిగి లేచి, నాలుగు అడుగులు నడిచినయెడల, సదరు ప్రాణిని తక్షణమే సజీవిగా పరిగణించవలెను. పాత చర్మమును సాక్ష్యముగా దాఖలు చేయవలెను." సాలీడు అన్న మాట ఎక్కడా లేదు. కమిషనరుగారు చదవకుండా సంతకం చేశారు. ఏదీ చదివి సంతకం చెయ్యరని నాకు తెలుసు, ఆ నమ్మకంతోనే రాశాను. ఆ సాయంత్రం అండాళ్ళుగారిని రిక్షా ఎక్కిస్తూ, మర్నాడు పదిన్నరకి తప్పకుండా రమ్మనీ, వచ్చి ఏం చెయ్యాలో కూడా చెవిలో చెప్పాను.

మంగళవారం డైరెక్టరమ్మగారు వచ్చారు. శాంతకుమారిని చూసి, ఉత్తర్వు చూసి, "సంస్కరణ అంటే ఇదీ" అని మెచ్చుకున్నారు. కమిషనరుగారు ఇంకా వంగి దణ్ణం పెడుతూనే ఉన్నారు, అండాళ్ళుగారు లోపలికి వచ్చి ఫిర్యాదుదారుల బెంచీ మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెల్లకిలా పడుకున్నారు.

"ఎవరీవిడ? ఏమైంది?" అన్నారు డైరెక్టరమ్మగారు కంగారుగా.

"మృతురాలండీ. ఉత్తర్వు ప్రకారం వచ్చారు" అన్నాను.

డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. పక్కకి ఒత్తిగిల్లి, బెంచీ అంచు పట్టుకుని, లేచి నిలబడ్డారు. సాయం చెయ్యబోతే వద్దన్నారు. ఒకటి, రెండు, మూడు. మూడో అడుగు దగ్గర కాలు తూలింది. నాలుగో అడుగుకి నా బల్ల అంచు దొరికింది. పమిట చెంగు ముడి విప్పి, మడతలు పడ్డ కాగితం తీసి బల్ల మీద పెట్టారు. మేమిచ్చిన ఆవిడ మరణ ధ్రువపత్రం.

"ఇదిగో బాబూ నా పాత చర్మం" అన్నారు.

కమిషనరుగారికి అప్పటికి అర్థమైంది. "మేడం, ఆ ఉత్తర్వు సాలీళ్ళకి..."

డైరెక్టరమ్మగారు కాగితం ఇంకోసారి చదివారు. "ప్రాణి అని ఉంది. ఈవిడకి ప్రాణం లేదని మీరు అంటారా? సాలీడుకిచ్చి మనిషికివ్వలేదని రేపు పేపర్లో వస్తే సమాధానం మీరు చెబుతారా?" అని, మొదటి సాక్షిగా తానే సంతకం చేశారు. రెండో సంతకం కమిషనరుగారిది, మూడోది ప్రభుదాసుగారిది. పదకొండూ పదికి అండాళ్ళుగారు బతికారు.

ఆచార్యులుగారిని చనిపోయినట్టు సరిచెయ్యడం ఇంకా తేలిక అయింది. విచారణకి రమ్మని ఆయనకి మూడు నోటీసులు పంపాం. మూడింటికీ హాజరు కాలేదు.

నెలాఖరులోగా రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక సోమవారం అండాళ్ళుగారు గోడ పట్టుకోకుండా నడిచి వచ్చారు. నల్లద్దాలు తీసి చాలాసేపు శాంతకుమారిని చూశారు. "ఎంత బాగుందిరా, నేననుకున్నదానికంటే బొద్దుగా ఉంది" అన్నారు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి, సవరణల రిజిస్టరు చూపించమన్నారు. తన పేరు ఉన్న వరస మీద వేలు పెట్టి, చివరి గడి దగ్గర ఆగారు. పొరపాటుకు బాధ్యులు: "బదిలీపై వెళ్ళిన ఉద్యోగి."

"ఎనిమిదో తరగతి బి సెక్షనులో సాలీడు బొమ్మ వెయ్యమంటే ఆరు కాళ్ళు వేశావు పట్టాభీ. ఇదేంట్రా అంటే పక్కవాడు వేసిచ్చాడండీ అన్నావు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "చూపు రాగానే గుర్తుపట్టేశారా టీచర్?"

"చూపెందుకు? మొదటిరోజు 'నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయనండీ' అన్నప్పుడే గుర్తుపట్టాను. ఎప్పుడు ఒప్పుకుంటావా అని పద్నాలుగు నెలలు చూశాను. నీమీద ఫిర్యాదు ఇస్తే నిన్ను తీసేసేవాళ్ళు, నా కాగితం కదిపేవాడు కూడా ఉండేవాడు కాదు."

ప్రమోషన్ల జాబితాలో నా పేరు రెండోదానికి వచ్చిందని ఆ వారమే తెలిసింది. పెన్ను తీశాను. ఆ గడిలో ఉన్నది కొట్టేసి, పేరు, హోదా, తేదీ రాసి సంతకం పెట్టాను.

అండాళ్ళుగారు రిజిస్టరు దగ్గరికి లాక్కుని, అక్షరం అక్షరం చదువుకున్నారు. పద్నాలుగు నెలల తర్వాత ఆవిడ సొంతంగా చదివిన మొదటి కాగితం అదే.

"ఇప్పటికి ఎనిమిదీ వేశావు" అని, రిజిస్టరు మూసి నా చేతికిచ్చారు.